గ్లాసు మారింది, ఎసరు మారలేదు

ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో ఏ ఇంటికి వెళ్లినా ఈ రోజుల్లో ఒక మాట ధీమాగా వినిపిస్తుంది: "మేము బోరు నీళ్లు తాగడం ఎప్పుడో మానేశాం డాక్టరు గారూ. క్యాన్ నీళ్లే తాగుతున్నాం." ఆ మాటలో అబద్ధం లేదు. గుమ్మం పక్కనే ఇరవై లీటర్ల క్యాన్ కనబడుతుంది. దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు కూడా ఉంటాయి. అయితే అదే ఇంట్లో మరి నాలుగడుగులు లోపలికి వేసి వంటగదిలోకి తొంగి చూడండి. అన్నానికి ఎసరు ఏ నీళ్లతో పెట్టారు? పప్పు ఏ నీళ్లలో ఉడుకుతోంది? పసిబిడ్డకు జావ ఏ నీళ్లతో కాచారు? పదిళ్లలో అడిగితే చాలా ఇళ్లలో వచ్చే సమాధానం ఒక్కటే: "వంటకు బోరు నీళ్లే. మరిగిస్తాం కదా, ఏమీ కాదు."

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఆ "ఏమీ కాదు" అనే రెండు మాటలతోనే. ఫ్లోరైడ్‌ను మన శరీరంలోకి తెచ్చేది తాగే గ్లాసు ఒక్కటే కాదు. గ్లాసును మార్చి ఎసరును మార్చకపోతే మనం చేసింది సగం పని కూడా కాదు. ఈ సంగతి ప్రజలకు చెప్పవలసినవారు చెప్పలేదు. ఆ చెప్పవలసినవారిలో నేనూ ఒకణ్ణి.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

పదవీ విరమణ చేసిన తరువాత నల్గొండ ప్రాంతపు గ్రామం ఒకదానిలో జరిగిన ఉచిత వైద్య శిబిరానికి వెళ్లాను. ఎనిమిదేళ్ల పాపను ఆమె తల్లి తీసుకొచ్చింది. వచ్చింది దగ్గు కోసం. నోరు తెరవమన్నప్పుడు పై ముందరి పళ్లు కనిపించాయి. సుద్దలాంటి తెల్లని చారలు, వాటి మధ్య గోధుమ రంగు మచ్చలు. "ఏ నీళ్లు తాగుతారమ్మా?" అని అడిగాను. ఆ తల్లి కొంచెం నొచ్చుకుంది. పాప పుట్టకముందు నుంచీ తమ ఇంట్లో క్యాన్ నీళ్లే తాగుతున్నారట. కూలి డబ్బుల్లోంచి మిగిల్చి కొంటున్నారట. "మరి పాప చిన్నప్పుడు ఉగ్గు, జావ దేనితో కాచేవారు?" అన్నాను. "బోరు నీళ్లతోనే. బాగా మరగబెట్టేదాన్ని" అంది.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరై పోయిన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుందని ఆమెకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "ఇన్నేళ్లుగా ఇంతమంది డాక్టర్లు వచ్చి పోయారు. తాగే నీళ్లు మార్చమన్నారు గాని, వండే నీళ్లు మార్చమని ఒక్కరూ చెప్పలేదేం సార్?"

నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎందరో ఫ్లోరోసిస్ రోగుల చీటీల మీద "బోరు నీరు తాగరాదు" అని రాశాను. "బోరు నీటితో వండరాదు" అని రాసినట్లు నాకు గుర్తు లేదు. నడుము పట్టేసిందని, మెడ తిరగడం లేదని వచ్చినవారికి నొప్పి మాత్రలిచ్చి, వాతమని చెప్పి పంపిన రోజులూ ఉన్నాయి. ఈ వ్యాసం కొంతవరకు ఆ తల్లికి ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

తెలియక జరిగింది కాదు

ఫ్లోరైడ్ సంగతి మనకు నిన్న మొన్న తెలిసినది కాదు. మన దేశంలో ఈ వ్యాధిని మొదటిసారి వైద్య పత్రికలో వర్ణించింది 1937లో. అది కూడా మన తెలుగు నేల మీదే, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు వైద్య శాస్త్రజ్ఞులు అక్కడి పల్లెల్లో గారపట్టిన పళ్లను, కర్రలా బిగుసుకుపోయిన వెన్నెముకలను పరీక్షించి, కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని చెప్పారు. స్వాతంత్ర్యం రాకముందే రోగం పేరు, కారణం, నివారణ మార్గం మన చేతిలో ఉన్నాయి.

ఆ తరువాత ఏం జరిగింది? 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడ్ ప్రాంతాల యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని గుర్తించి ప్రపంచానికి తెలియజేశారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి "నల్గొండ పద్ధతి" అనే పేరే స్థిరపడింది. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల దాకా ఆ పేరు వెళ్లింది. నల్గొండ పల్లెల గొంతు మాత్రం ఎండుతూనే ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. పదవి కోసం కాదు, తమ నీటి గోడు దేశానికి వినిపించాలని. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే సంవత్సరం లోక్‌సభకు పోటీ చేసే సాధారణ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. అందుకు నల్గొండ ఒక్కటే కారణం కాదు. కాని నీళ్లు అడిగినవారి ఇంటికి నీటి కంటే డిపాజిట్టు పెంపే ముందుగా వచ్చిందన్నది మాత్రం చరిత్ర.

కాబట్టి తెలియక ఆలస్యమైందని ఎవరూ అనలేరు. తెలిసిన దానిని వంటగది దాకా తీసుకువెళ్లలేదన్నదే నిజం.

ఎముకలో దాక్కునే శత్రువు

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన నీటిలో ఉండే మోతాదుల్లో నాలుకకు తెలిసే రుచి కూడా లేదు. మన ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి అది భూగర్భ జలంలోకి కరుగుతుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. పూర్వం మన ఊళ్లు చెరువు నీటినీ, ఊటబావి నీటినీ తాగేవి. చెరువులు పూడిపోనిచ్చి, బావులు పాడుబెట్టి, వందల అడుగుల లోతుకు బోర్లు దించుకున్నాం. అంత లోతున రాతిలో చిరకాలం నానిన నీటిని పైకి తెచ్చి గ్లాసులో పోసుకున్నాం.

కడుపులోకి పోయిన ఫ్లోరైడ్‌లో అధిక భాగం రక్తంలోకి చేరుతుంది. అందులో కొంత మూత్రం ద్వారా బయటకు పోతుంది. పెద్దవారిలో దాదాపు సగం, చిన్నపిల్లల్లో అంతకంటే ఎక్కువ ఎముకల్లో స్థిరపడుతుంది. శరీరంలో మిగిలిన ఫ్లోరైడ్‌లో 99 శాతం ఉండేది ఎముకల్లో, పళ్లలోనే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో బయటకు పోయేది తగ్గి, లోపల పేరుకునేది పెరుగుతుంది.

పళ్ల సంగతి వేరు. శాశ్వతంగా ఉండే ముందరి పళ్ల పింగాణీ పొర బిడ్డ పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల లోపు చిగురు లోపలే తయారవుతుంది. మిగిలిన పళ్లకు సుమారు ఎనిమిదేళ్ల దాకా ఆ పని సాగుతుంది. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పొర లోపభూయిష్టంగా ఏర్పడుతుంది. పన్ను పైకి వచ్చాక ఎంత తోమినా ఆ మచ్చ పోదు. ఒక విధంగా ఎనిమిదేళ్ల పిల్లల ముందరి పళ్లు చిట్టాపుస్తకం లాంటివి. ఆ బిడ్డ పుట్టిన తొలి సంవత్సరాలలో ఆ ఇంట్లో ఏ నీరు వాడారో వాటి మీద రాసి ఉంటుంది. ఆ రాతను చెరపడం ఎవరి తరమూ కాదు.

ఎముకల ఫ్లోరోసిస్ ఇంకా క్రూరమైనది. ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పేరుకుని, కీళ్ల దగ్గరి బంధనాలు సున్నపు గట్టిదనంతో బిగుసుకుపోతాయి. మెడ, నడుము తిరగవు. కొందరిలో వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడతాయి. దీనిని వెనక్కి తిప్పే మందు ఈనాటికీ లేదు. నీరు మార్చితే నొప్పులు కొంత తగ్గవచ్చు, ముదరడం ఆగవచ్చు. వంగిన ఎముక మాత్రం నిటారు కాదు. నయం చేయలేని, కాని పూర్తిగా నివారించగల వ్యాధి ఇది. నివారణలో సగం పని చేసి చాలించడం ఎందుకు నేరమో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఒక చిన్న లెక్క

మాటలు చాలించి లెక్క వేద్దాం. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కన తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతి. ఒక ఇంటి బోరు నీటిలో 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మన పీడిత గ్రామాలకు ఇది వింత సంఖ్య ఏమీ కాదు. ఆ ఇంటివారు కొనే క్యాన్ నీటిలో 0.4 ఉందనుకుందాం.

ఒక వయోజనుడు రోజుకు 3 లీటర్ల క్యాన్ నీరు తాగితే గ్లాసు ద్వారా లోపలికి పోయేది 1.2 మిల్లీగ్రాములు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు కంచం దగ్గరికి రండి. 300 గ్రాముల బియ్యం అత్తెసరు వండితే సుమారు 600 మిల్లీలీటర్ల నీరు అన్నంలో ఇంకుతుంది. పప్పు, చారు, కూర అన్నీ కలిపి ఒక మనిషి వాటాకు మరో 400. టీ, జావ కలిపి 300. మొత్తం 1.3 లీటర్లు. ఇది బోరు నీరైతే లోపలికి పోయే ఫ్లోరైడ్ 5.2 మిల్లీగ్రాములు. ఉడికేటప్పుడు ఆవిరైన నీటిలోని ఫ్లోరైడ్ కూడా గిన్నెలోనే మిగులుతుంది కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే.

గ్లాసు నుంచి 1.2, కంచం నుంచి 5.2. రెండూ కలిపితే 6.4. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో వెలువరించిన సమీక్ష ప్రకారం అన్ని మార్గాలా కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనడానికి సూచనలున్నాయి. 14 దగ్గర ఆధారాలు స్పష్టం. క్యాన్ కొన్నాం కదా అని నిశ్చింతగా ఉన్న ఆ ఇల్లు ఇంకా ప్రమాద రేఖ మీదే నిలబడి ఉంది. అదే క్యాన్ నీటితో వంట కూడా చేస్తే మొత్తం 1.7కు దిగిపోతుంది.

"అంత నీరు కొనగలమా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మరో లెక్క చూడండి. తాగడానికి 3 లీటర్లు, తిండిలోకి పోయేది 1.3 లీటర్లు. మనిషికి 4.3. నలుగురి కుటుంబానికి 17 లీటర్ల పైచిలుకు. అంటే సుమారుగా ఒక్క క్యాన్. స్నానానికి, బట్టలకు, అంట్ల గిన్నెలకు, ఇల్లు కడగడానికి బోరు నీరు నిరభ్యంతరంగా వాడుకోండి. చర్మం ద్వారా ఈ ఫ్లోరైడ్ ఒంట్లోకి రాదు. నోట్లోకి పోయే ప్రతి చుక్కకూ మాత్రమే మంచి నీరు కావాలి. గంజి వార్చే అలవాటున్న ఇంట్లో ఎసరుకు కొంచెం ఎక్కువ పడుతుంది. అంతే తేడా.

మనల్ని మోసం చేస్తున్న నమ్మకాలు

"మా బోరు నీళ్లు అమృతం. పప్పు ఇట్టే మెత్తబడుతుంది." ఇది అన్నింటికంటే మోసకారి నమ్మకం. చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే నీటిలో కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉంటుంది. వంటసోడా వేస్తే పప్పు త్వరగా ఉడికినట్టే ఆ నీటిలోనూ ఉడుకుతుంది. మన అమ్మమ్మలు మంచినీటికి పెట్టిన పరీక్ష ఉప్పునీటిని పట్టుకోగలదు గాని ఫ్లోరైడ్‌ను పట్టుకోలేదు. పప్పు ఉడకడం నీటి యోగ్యతకు ధ్రువపత్రం కాదు.

"రాగి బిందెలో నిలవుంచి తాగుతాం." రాగి కొన్ని సూక్ష్మక్రిములను చంపవచ్చు. ఫ్లోరైడ్ సూక్ష్మక్రిమి కాదు, కరిగిన ఖనిజం. రాగి బిందె దానిని ఏమీ చేయదు. మామూలు క్యాండిల్ ఫిల్టర్, అతినీలలోహిత కాంతి యంత్రం కూడా అంతే.

"టీడీఎస్ మీటరు పెట్టి చూపించారు. నూటయాభై కూడా లేదు." ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి ఉజ్జాయింపుగా చూపే పరికరం. అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పదు. టీడీఎస్ 300 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉండవచ్చు. టీడీఎస్ 800 ఉన్న నీటిలో అర మిల్లీగ్రామే ఉండవచ్చు. టీడీఎస్ అంకె చూపి ఫ్లోరైడ్ లేదని చెప్పే అమ్మకందారుకు తెలియకపోవచ్చు, లేదా మీకు తెలియదని తెలిసి ఉండవచ్చు.

"ఆర్వో పెట్టించాం, ఇక భయం లేదు." సరిగ్గా పనిచేసే ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది, నిజమే. అందులోని పొర ఏళ్లు గడిచిన కొద్దీ పాడవుతుంది. పాడైనట్టు నీటి రంగు చెప్పదు, రుచి చెప్పదు. ఊరి ప్లాంటు నీటికి చివరిసారిగా ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేయించారో అడిగి చూడండి. ఎన్నిచోట్ల కాగితం చూపిస్తారో మీకే తెలుస్తుంది. యంత్రం వదిలేసే వ్యర్థ నీటిలో ఫ్లోరైడ్ ముందుకంటే చిక్కగా ఉంటుంది. దానిని పశువుల తొట్టిలో పోయకండి. పశువులకూ పళ్లున్నాయి, ఎముకలున్నాయి.

"అసలు విషం టూత్‌పేస్టులో ఉంది. అది మానేస్తే చాలు." సెల్‌ఫోన్లలో తిరిగే ఈ ప్రచారాన్ని చూసి నాకు నవ్వు, కోపం రెండూ వస్తాయి. బఠానీ గింజంత పేస్టులో ఉండే ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము పరిధిలోది. అందులో చాలా భాగం ఉమ్మేస్తాం. పేస్టు మింగేసే చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త అవసరమే: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, తరువాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత, పక్కన పెద్దలు నిలబడి ఉమ్మించాలి. కాని 5 మిల్లీగ్రాములు పోసే ఎసరును వదిలేసి పేస్టు గొట్టం మీద యుద్ధం ప్రకటించడం ఏనుగును వదిలి దోమను వేటాడటమే. తక్కువ మోతాదు ఫ్లోరైడ్ పళ్లు పుచ్చిపోకుండా కాపాడుతుందన్నదీ నిజమే. మేలు, కీడు రెండూ మోతాదులోనే ఉన్నాయి.

"చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుందట కదా?" చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్టు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. మంచిదే. మన పులుసు, చారు మానవలసిన పని లేదు. కాని ఆ చారును బోరు నీటితో కాచుకుని, అందులోని చింతపండు దానిని విరిచేస్తుందనుకోవడం ఒక చేత్తో గోతిలోకి తోసి మరో చేత్తో తాడు అందించడం లాంటిది.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

ఇంతసేపూ వంటగదిని విమర్శించాను. అంతటితో ఆగితే తప్పంతా ఆడవారి మీద నెట్టి తప్పుకున్నట్టు అవుతుంది. అది అన్యాయం. నేల కింద నుంచి వచ్చే విషానికి పేదవాడు క్యాన్‌కు ఇంత అని రోజూ జరిమానా కట్టడం న్యాయం కాదు. శాశ్వత పరిష్కారం ఒక్కటే: నది నీరు, చెరువు నీరు, వాన నీరు. వీటిలో సాధారణంగా ఫ్లోరైడ్ చాలా తక్కువ.

తెలంగాణలో మిషన్ భగీరథ ద్వారా పల్లెలకు నది నీరు చేరింది. గ్రామాల్లో తలసరి 100 లీటర్ల లెక్కన రూపొందిన పథకం అది. దానివల్ల జరిగిన మేలును కాదనడం కృతఘ్నత. నల్గొండ బిడ్డల పళ్ల మీద ఆ మేలు కనబడుతోంది. ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరిందని 2020లో ప్రకటన కూడా వెలువడింది. అక్కడే నా అభ్యంతరం. ఆ సున్నా నీటి సరఫరాకు సంబంధించిన లెక్క. పైపు పగిలి రెండు రోజులు నీరు రాకపోతే ఆ ఇల్లు ఏ నీటికి వెళుతుందో ఆ లెక్కలో లేదు. నల్లా నీటికి మందు వాసన వస్తోందని వంటకు మళ్లీ బోరు వైపే నడిచే ఇల్లూ ఆ లెక్కలో లేదు. బోరు స్విచ్ గుమ్మం పక్కనే ఉంది. దాని మీద ఏ హెచ్చరికా లేదు. కనిగిరి, పొదిలి, ఉద్దానం, అనంతపురం అంటూ ఆంధ్రలో తాగునీటి గోస ఉన్న ప్రాంతాలు ఎన్నో ఉన్నాయి. ఉద్దానం కిడ్నీ సమస్య కారణాలు వేరు. కాని ఫ్లోరైడ్ ఉన్న చోట మూత్రపిండాల రోగం కూడా తోడైతే బాధ రెట్టింపు అవుతుందని మాత్రం మరువరాదు.

అందువల్ల నేను అడిగేవి నాలుగు. మొదటిది, ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రతి ప్రభుత్వ బోరు మీద ఎర్ర రంగు వేసి "తాగడానికీ వంటకూ పనికిరాదు" అని పెద్ద అక్షరాలతో రాయాలి. "తాగడానికి" అని మాత్రమే రాస్తే చాలదు. రెండవది, బడి మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ, వసతిగృహం వంటశాలల్లో ఎసరు నీటిని కూడా పరీక్షించి ఫలితాన్ని గోడ మీద రాయాలి. బిడ్డకు బడిలో ఫిల్టరు నీళ్లిచ్చి, అన్నం బోరు నీటితో వండితే ప్రయోజనమేమిటి? మూడవది, ప్రతి ఊరి ప్లాంటు నీటికి నిర్ణీత వ్యవధిలో ఫ్లోరైడ్ పరీక్ష జరగాలి. టీడీఎస్ అంకెను దానికి బదులుగా అంగీకరించరాదు. నాలుగవది, ఏటా మూడవ తరగతి పిల్లల ముందరి పళ్లను పరీక్షించి గ్రామాల వారీగా ప్రకటించాలి. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం తొలి జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి. అందులో పిల్లల పళ్ల పరీక్ష కొత్త ఆలోచన కాదు. ఆ పని నిఖార్సుగా జరిగితే సున్నా నిజమైన సున్నాయో కాదో ఆ పళ్లే చెబుతాయి.

మీరు ఈ రోజే చేయగలిగినవి

మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఈ పరీక్ష జరుగుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి, ఊరు, బోరు వివరం, తేదీ రాసి ఇవ్వండి. కాగితం మీద ఫ్లోరైడ్ అనే వరుసలో ఉన్న అంకెను చదవండి. 1 దాటితే ఆ నీరు నోటికి పనికిరాదని గుర్తు పెట్టుకోండి. పక్క బోరులో తక్కువుందని మీ బోరులోనూ తక్కువే ఉంటుందనుకోకండి. వంద గజాల దూరంలో అంకె మారిపోవచ్చు.

తాగే నీటి బిందె పక్కనే వంట నీటి బిందె పెట్టి, రెండింటిలోనూ ఒకే మంచి నీరు పోయండి. ఎసరు, పప్పు, చారు, టీ, జావ, అంబలి, మజ్జిగలో కలిపే నీరు, పిండి తడిపే నీరు, అన్నీ అందులోంచే తీయండి. డబ్బా పాలు కలపవలసి వస్తే బోరు నీటిని దరిదాపులకు రానీయకండి. తల్లి పాలలో ఫ్లోరైడ్ అతి స్వల్పం. తల్లి తాగే నీటిలో ఎక్కువున్నా పాలలోకి వచ్చేది కొద్దిగానే. ఆరు నెలల దాకా తల్లి పాలే ఇవ్వడానికి ఇదొక అదనపు కారణం.

పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు రోజువారీ తిండిలో ఉంచండి. కాల్షియం కడుపులో ఉంటే ఫ్లోరైడ్ రక్తంలోకి పోవడం కొంత తగ్గుతుంది. ఉసిరి, జామ, నిమ్మ కూడా మంచివే. పోషణ లేని ఒంటిని ఫ్లోరైడ్ తొందరగా కుంగదీస్తుంది. టీ చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో పోగుచేసుకుంటుంది కనుక పీడిత ప్రాంతాల వారు చిక్కని టీ తగ్గించండి. పిల్లలకు అసలు అలవాటు చేయకండి. నల్ల ఉప్పు, అది కలిపిన చూర్ణాలు కూడా తగ్గించవలసినవే.

పెద్దవారు అప్పుడప్పుడు మూడు పరీక్షలు చేసుకోండి. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లను తాకగలరా? గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులనూ తల వెనకకు చేర్చగలరా? ఇవి చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఉంటూ చేయలేకపోతే మాత్రం వాతమని సరిపెట్టుకోకుండా వైద్యుని చూసి, నీటి సంగతి కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా మీరే చెప్పండి.

చివరిగా ఒక మాట. 1937 నుంచి ఇప్పటిదాకా ఈ వ్యాధి గురించి మనకు తెలిసినదంతా ఆ శిబిరంలోని తల్లి వంటగదిని చేరడానికి ఎనభై ఏళ్లు పైగా పట్టింది. అప్పటికే ఆమె బిడ్డ పళ్లు పైకి వచ్చేశాయి. ఆమె వెళ్లేముందు తన చంకలోని రెండవ బిడ్డను చూపించి, "వీడికి ఇంకా పళ్లు రాలేదు సార్" అంది. అవును, ఆ బిడ్డ చిట్టాపుస్తకం ఇంకా ఖాళీగానే ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో కూడా అలాంటి బిడ్డ ఉంటే ఈ రాత్రి ఎసరు పెట్టేముందు ఒక్కసారి బిందె వైపు చూడండి.